నిన్న నేల, నేడు నీరు: గ్రీసు దీవి నుంచి టర్కీ తీరానికి ఫెర్రీ దారిలో

2020 అక్టోబర్ 30న గ్రీసుకు చెందిన సమోస్ దీవిలో గడియారాలు మధ్యాహ్నం 1 గంట 51 నిమిషాలు చూపిస్తుండగా భూమి కంపించింది. ఎదురుగా కనిపించే టర్కీ తీరంలో అదే కుదుపు 2 గంటల 51 నిమిషాలకు వచ్చింది. భూకంపం ఒక్కటే, గంట తేడా గడియారాలది. గ్రీసు అంతకు అయిదు రోజుల ముందే శీతాకాలపు సమయానికి మారింది. టర్కీ 2016 నుంచి ఏడాది పొడవునా ఒకే సమయాన్ని పాటిస్తోంది. అందుకే వేసవిలో ఈ రెండు తీరాల గడియారాలు కలుస్తాయి, చలికాలంలో విడిపోతాయి.

మనుషులు గీసుకున్న గీత ఆ నీళ్లలో ఎక్కడుందో భూమికి తెలియదు. సమోస్‌కు, టర్కీ ప్రధాన భూభాగానికి మధ్య సముద్రం అతి ఇరుకైన చోట సుమారు 1.6 కిలోమీటర్లే. ఇటు ఒడ్డున నిలబడితే అటు కొండమీది చెట్లు కనిపిస్తాయి. అయినా ఇటునుంచి అటు వెళ్లాలంటే పాస్‌పోర్టు చూపించి ఫెర్రీ ఎక్కాలి.

ఇలాంటి చిన్న ఓడ ప్రయాణాలు ఈజియన్ సముద్రపు తూర్పు అంచున చాలా ఉన్నాయి. సమోస్ నుంచి కుషాదాసికి, కియోస్ నుంచి చెష్మేకు, లెస్బోస్ నుంచి అయ్‌వలిక్‌కు, కోస్ నుంచి బోద్రుమ్‌కు, బుల్లి దీవి కస్తెలోరిజో నుంచి కాష్ పట్టణానికి ఫెర్రీలు నడుస్తాయి. దూరాన్ని, ఓడ రకాన్ని బట్టి ఇరవై నిమిషాల నుంచి గంటన్నర వరకు పడుతుంది. వేసవిలో రద్దీ ఎక్కువ, చలికాలంలో సర్వీసులు బాగా తగ్గిపోతాయి. 2024 నుంచి టర్కీ పౌరులు కొన్ని గ్రీకు దీవులకు ఏడు రోజుల వరకు ఉండేలా రేవులోనే వీసా తీసుకునే ఏర్పాటు కూడా వచ్చింది. మన దేశం నుంచి వెళ్లేవారు మాత్రం రెండు దేశాల వీసా నియమాలనూ ముందుగా చూసుకోవాలి. అటు వెళ్లి తిరిగి దీవికి రావాలంటే ఒకటికంటే ఎక్కువసార్లు ప్రవేశానికి వీలున్న షెంగెన్ వీసా తప్పనిసరి.

ఈ కొద్దిపాటి దూరంలో భూగర్భశాస్త్రం, వాతావరణశాస్త్రం, జీవశాస్త్రం, భౌతికశాస్త్రం ఒకదాని వెంట ఒకటి ఎదురవుతాయి. వాటిలో ఒకటి నేరుగా మన రుతుపవనాలతో ముడిపడి ఉంది.

నడిచి వెళ్లగలిగిన రోజులు

సుమారు 20 వేల ఏళ్ల క్రితం, గత మంచుయుగం తీవ్రంగా ఉన్నప్పుడు, భూమ్మీద నీటిలో పెద్ద భాగం ఉత్తర అమెరికా, ఐరోపా ఖండాలను కప్పిన మంచుపలకల్లో గడ్డకట్టి ఉండేది. అప్పటి సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు తక్కువ. ఇప్పుడు ఫెర్రీలు తిరిగే ఈ జలసంధుల అడుగు అప్పట్లో పొడినేల. సమోస్, కియోస్, లెస్బోస్, కోస్ దీవులు దీవులే కావు. అవి ఆసియా మైనరు భూభాగానికి కొనల్లా ఉండేవి. మంచు కరిగి సముద్రం పైకి లేచాక, పల్లపు ప్రాంతాలు మునిగి, కొండలు మాత్రం నీటిపైన మిగిలాయి. ఈ పెరుగుదలలో చాలా భాగం సుమారు 7 వేల ఏళ్ల క్రితానికే ముగిసింది.

ఇది మనకు కొత్త కథేమీ కాదు. మన రామేశ్వరానికి, శ్రీలంకలోని మన్నారుకు మధ్య ఉన్న నిస్సారమైన సముద్రం కూడా మంచుయుగంలో నేలగానే ఉండేది. నాగపట్నం నుంచి శ్రీలంకలోని కంకేశన్‌తురైకి 2023 అక్టోబర్‌లో మళ్లీ మొదలైన ఓడ కూడా ఒకప్పటి నేల పక్కనుంచే సాగుతుంది.

ఈజియన్‌లో ఆ పాత దారికి సాక్షులు ఇంకా బతికే ఉన్నాయి. సమోస్ కొండల్లో నక్కలు తిరుగుతాయి. ఇవి మన పల్లెల పొలిమేరల్లో రాత్రిపూట ఊళవేసే నక్క జాతివే. మధ్యధరా దీవుల్లో ఈ జాతి కనిపించడం చాలా అరుదు. లెస్బోస్ దీవిలో ఒక రకం ఉడుత ఉంది. టర్కీ, కాకసస్ ప్రాంతాల్లో సాధారణమైన ఆ జాతి ఐరోపా సమాఖ్య మొత్తంలో సహజంగా దొరికేది ఆ ఒక్క దీవిలోనే. లెస్బోస్ పైన్ అడవుల్లో గూడు కట్టే చిన్న క్రూపర్ నట్‌హాచ్ పిట్టదీ అదే కథ. జీవుల పటం చూస్తే ఈ దీవులు ఐరోపాకంటే ఆసియాకే దగ్గర.

సమోస్‌లో ఊసరవెల్లి కూడా ఉంది. మన దేశపు ఊసరవెల్లికి అది ఒకే ప్రజాతికి చెందిన దాయాది. అయితే ఇలాంటి చిన్న ప్రాణులన్నీ నడిచే వచ్చాయని చెప్పలేం. వేల ఏళ్లుగా ఓడల్లో సరుకుతోపాటు, మనుషుల సరదాకొద్దీ కూడా జంతువులు దీవుల మధ్య ప్రయాణించాయి.

నేలతో తెగిపోతే ఏమవుతుందో చూడాలంటే దక్షిణాన ఉన్న తిలోస్ దీవికి వెళ్లాలి. అక్కడి ఒక గుహలో మరుగుజ్జు ఏనుగుల ఎముకలు దొరికాయి. మేత తక్కువ, పులీ సింహమూ లేని చోట పెద్ద ఒళ్లు భారమే అవుతుంది. తరాలు గడిచేకొద్దీ ఏనుగు కుదించుకుపోయింది.

ఇంకా వెనక్కి వెళ్తే, సమోస్‌లోని మితిలినీ గ్రామం దగ్గర 70, 80 లక్షల ఏళ్లనాటి శిలాజాలు కుప్పలుగా బయటపడ్డాయి. మూడు వేళ్ల గుర్రాలు, ఖడ్గమృగాలు, ఈ దీవి పేరునే పెట్టుకున్న సమోథీరియం అనే జిరాఫీ బంధువు వాటిలో ఉన్నాయి. మన శివాలిక్ కొండల్లోని శిలాజాల్లోనూ మూడు వేళ్ల గుర్రాలు, జిరాఫీ బంధువులు కనిపిస్తాయి. అప్పట్లో ఆ జంతువులు మేస్తూ తిరిగిన మైదానాలకు ఇప్పటి సరిహద్దులేవీ లేవు.

సముద్రాన్ని పూడ్చిన నది

సముద్రం నేలను మింగిన కథ ఇది. దీనికి ఎదురు కథ అవతలి ఒడ్డున ఉంది. సమోస్‌కు ఎదురుగా మికాలె కొండ, దానికి దక్షిణాన బ్యుయుక్ మెందెరెస్ నది మైదానం. ప్రాచీన గ్రీకులు ఈ నదిని మయాండ్రోస్ అన్నారు. అది ఎన్ని మెలికలు తిరుగుతుందంటే, ప్రపంచంలో ఏ నది వంపులకైనా శాస్త్రవేత్తలు ఇప్పటికీ ‘మియాండర్’ అనే దాని పేరే వాడుతున్నారు.

నది వంపు తిరిగే చోట బయటి అంచున నీరు వేగంగా పారి ఒడ్డును కోస్తుంది. లోపలి అంచున నెమ్మదించి ఒండ్రును దింపుతుంది. అందువల్ల వంపు ఏటేటా ఇంకా పెరుగుతుంది. మెందెరెస్ ఇలా మోసుకొచ్చిన మట్టితో తన ముఖద్వారం దగ్గరి అఖాతాన్నే పూడ్చేసింది. తత్వవేత్త థేలీస్ పుట్టిన మిలేటస్ ఒకప్పుడు నాలుగు రేవుల నగరం. ఇప్పుడా శిథిలాలకు, సముద్రానికి మధ్య కిలోమీటర్ల కొద్దీ పత్తి పొలాలు. క్రీ.పూ. 494లో పారశీకులకు, గ్రీకులకు మధ్య పెద్ద నౌకాయుద్ధం జరిగిన లాదే దీవి ఇప్పుడు పొలాల మధ్య ఒక చిన్న గుట్ట. ఒకప్పటి అఖాతపు లోపలి కొన తెగిపోయి బాఫా సరస్సుగా మిగిలింది.

రేవు పూడిపోతే నగరం చచ్చిపోతుంది. మిలేటస్‌కు, పొరుగున ఉన్న ప్రియేనేకు జరిగింది అదే. ఉత్తరాన మరో నది ఒండ్రు ఎఫెసస్ రేవును కూడా ఇలాగే మూసేసింది. కుషాదాసిలో ఫెర్రీ దిగిన యాత్రికుల్లో ఎక్కువమంది మొదట చూడబోయేది ఆ ఎఫెసస్ శిథిలాలనే. ఆనాటి రేవు నుంచి ఇప్పుడు సముద్రం కనుచూపు మేరలో కూడా ఉండదు.

సమోస్ తీరానికి అలాంటి పెద్ద నది లేదు. అందుకే దాని పాత రేవు ఇప్పటికీ రేవే. పైథాగరస్ పేరుమీద పిలిచే పైథాగోరియో పట్టణం నుంచి ఈనాటికీ పడవలు బయలుదేరుతాయి. దాని పైనున్న కొండలో క్రీ.పూ. 6వ శతాబ్దంలో యుపాలినోస్ అనే ఇంజనీరు 1,036 మీటర్ల సొరంగాన్ని రెండు కొసల నుంచి ఒకేసారి తవ్వించి, మధ్యలో కలిపాడు. నగరానికి నీళ్లు తేవడానికి చేసిన పని అది. సూర్యుడి చుట్టూ భూమి తిరుగుతుందని క్రీ.పూ. 3వ శతాబ్దంలోనే ప్రతిపాదించిన అరిస్టార్కస్‌ది కూడా ఈ దీవే.

ఓడను ఆపే గాలి, మన వానలు

జులై, ఆగస్టు నెలల్లో ఈజియన్ మీద ఆకాశం నిర్మలంగా ఉంటుంది. చుక్క వాన పడదు. అయినా ఆ రోజుల్లోనే ఫెర్రీలు రద్దయ్యాయన్న కబురు తరచుగా వినిపిస్తుంది. కారణం ఉత్తరం నుంచి వీచే పొడిగాలి. టర్కీలో, గ్రీసులో దీన్ని మెల్టెమి అంటారు. ప్రాచీన గ్రీకులు ఏటా క్రమం తప్పకుండా వచ్చేది కాబట్టి, ‘ఏడాది’ అనే అర్థమున్న మాట నుంచి ‘ఎటీసియన్’ గాలులన్నారు. అరిస్టాటిల్ వాటి గురించి రాశాడు. మన ‘రుతుపవనం’ అనే మాటలో రుతువు ఉన్నట్టే, ఆ పేరులో సంవత్సరం ఉంది.

పేర్లలో కనిపించే ఈ పోలిక వెనక నిజమైన బంధుత్వం ఉంది. వేసవిలో వాయవ్య భారతం, పాకిస్తాన్‌ల మీద ఏర్పడే అల్పపీడనం అక్కడితో ఆగదు. ద్రోణిలా ఇరాన్, ఇరాక్‌ల మీదుగా సాగి టర్కీలోని అనతోలియా పీఠభూమి వరకు చేరుతుంది. అదే సమయంలో ఈజియన్‌కు పడమర, బాల్కన్ ప్రాంతం మీద పీడనం ఎక్కువగా ఉంటుంది. ఉత్తరార్ధగోళంలో గాలి వీచే దిశకు అల్పపీడనం ఎడమవైపు ఉంటుంది. తూర్పున అల్పపీడనం, పడమర అధికపీడనం ఉన్నప్పుడు గాలి ఉత్తరం నుంచి దక్షిణానికి దూసుకుపోవలసిందే.

ఇంకో బంధం ఆకాశంలో పైన ఉంది. బంగాళాఖాతం, ఉత్తర భారతం మీద తేమగాలి పైకి లేచి మేఘాలుగా మారేటప్పుడు బోలెడంత గుప్తోష్ణం విడుదలవుతుంది. ఆ వేడి వాతావరణంలో రాస్బీ తరంగాలు అనే భారీ అలలను రేపుతుంది. అవి పడమటికి సాగి, తూర్పు మధ్యధరా మీద గాలిని కిందికి దిగేలా చేస్తాయి. దిగే గాలి వేడెక్కి పొడిబారుతుంది కాబట్టి మేఘం కట్టదు. 1996లో మార్క్ రాడ్‌వెల్, బ్రయాన్ హోస్కిన్స్ అనే శాస్త్రవేత్తలు కంప్యూటర్ నమూనాలతో ఈ సంబంధాన్ని వివరించారు. ఆసియా రుతుపవనాలు తూర్పు సహారా, తూర్పు మధ్యధరా ప్రాంతాల పొడి వేసవికి ఒక ముఖ్య కారణమని వారి పరిశోధన తేల్చింది. అంటే మన పొలాల మీద వాన కురిసే వేళ, ఏజియన్ ఆకాశం నిర్మలంగా ఉండటానికి ఆ వానే కొంతమేర కారణం. ఏ రోజు గాలి ఎంత వీస్తుందన్నది మాత్రం ఐరోపా మీది పీడన వ్యవస్థలను బట్టి కూడా మారుతుంది.

మెల్టెమి సాధారణంగా మధ్యాహ్నానికి బలపడి, సాయంత్రం తర్వాత తగ్గుతుంది. ప్రయాణం ఉదయం పెట్టుకోవడం మేలని స్థానికులు చెప్పే మాటకు ఆధారం ఇదే. సమోస్‌లోని కెర్కిస్ కొండ ఎత్తు 1,400 మీటర్లకు పైనే. ఉత్తరపు గాలి ఆ కొండను దాటి దక్షిణపు వాలు మీదుగా కిందికి పడేటప్పుడు ఉన్నట్టుండి ఈదరగాలిగా మారుతుంది. రెండు కొండల మధ్య ఇరుకు జలసంధిలో కూడా అంతే, వీధి చివర గాలి ఎక్కువగా కొట్టినట్టు అక్కడ వేగం పెరుగుతుంది.

అలల ఎత్తు మూడింటిని బట్టి ఉంటుంది: గాలి వేగం, అది ఎంతసేపు వీచింది, అడ్డు లేకుండా ఎంత దూరం నీటిమీద వీచింది. దీవులు దగ్గర దగ్గరగా ఉన్న ఈజియన్‌లో ఆ దూరం తక్కువ. అందువల్ల మహాసముద్రంలో లాగా పొడవాటి ఉయ్యాల అలలు రావు. పొట్టిగా, నిటారుగా, వెంట వెంటనే వస్తాయి. చిన్న ఓడలకు ఇవే ఇబ్బంది. సెకనుకు సుమారు 0.2 సార్లు, అంటే అయిదారు సెకన్లకు ఒకసారి పైకీ కిందికీ ఊగే కదలిక మనిషికి ఎక్కువగా వాంతి తెప్పిస్తుందని ప్రయోగాల్లో తేలింది. చిన్న ఓడల ఊపు తరచుగా ఈ పరిధికి దగ్గరగానే ఉంటుంది. ఓడ ఊగేటప్పుడు కొసలు ఎక్కువగా, మధ్యభాగం తక్కువగా కదులుతాయి. కాబట్టి మధ్యలో, కింది అంతస్తులో కూర్చుని దూరాన దిగంతం వైపు చూడటం మంచిది. కన్ను చూసేదీ, లోపలి చెవి పసిగట్టేదీ ఒకటే అయితే మెదడుకు గందరగోళం తగ్గుతుంది.

రెండు తీరాలను లాగుతున్న భూమి

అనతోలియా భూఫలకం ఏడాదికి రెండు సెంటీమీటర్లకు పైగా పడమటికి జరుగుతోంది. ఈజియన్ ప్రాంతం మూడు సెంటీమీటర్లకు పైగా నైరుతి దిశగా కదులుతోంది. మన చేతిగోళ్లు పెరిగే వేగం ఇంచుమించు ఇంతే. క్రీట్ దీవికి దక్షిణాన ఆఫ్రికా ఫలకం కిందికి దిగిపోతూ, దిగే చోటునే వెనక్కి జరుపుకుంటోంది. దాంతో పైనున్న ఈజియన్ భూపటలం చపాతీ పిండిలా సాగుతోంది. సాగే పిండి పలచబడి చీలినట్టే, ఇక్కడ భూమి ఉత్తర దక్షిణాలుగా సాగి, తూర్పు పడమరలుగా చీలుతుంది. చీలికల మధ్య దిగబడిన పొడవాటి పల్లాల్లోనే మెందెరెస్ వంటి నదులు పారుతున్నాయి. ఎత్తు మిగిలిన దిమ్మెలే కొండలు, దీవులు.

2020 భూకంపం సమోస్‌కు ఉత్తరాన సముద్రం కింద ఉన్న అలాంటి చీలిక మీదే వచ్చింది. అమెరికా భూగర్భ సర్వే దాని తీవ్రతను 7.0గా లెక్కకట్టింది. చీలికకు ఒకవైపున్న సమోస్ వాయవ్య తీరం కొన్నిచోట్ల సుమారు 20 సెంటీమీటర్లు పైకి లేచింది. నీటి అంచున బతికే ప్రాణుల పట్టీ రాళ్లమీద ఎండలో తేలి, శాస్త్రవేత్తలకు కొలబద్దగా పనికొచ్చింది.

సమోస్‌లో గోడ కూలి ఇద్దరు విద్యార్థులు మరణించారు. టర్కీలో 117 మంది చనిపోయారు. వారిలో అత్యధికులు చీలికకు దగ్గరి ఊళ్లవారు కాదు. సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇజ్మీర్ నగరంలో, ముఖ్యంగా బైరక్లి ప్రాంతంలో ఉన్నవారు.

దూరం పెరిగితే కంపనం తగ్గాలి. మరి ఎందుకిలా జరిగింది? బైరక్లి అఖాతపు ఒడ్డున లోతైన ఒండ్రుమట్టి మీద ఉంది. గట్టి రాతిలో వేగంగా వచ్చిన తరంగం మెత్తని మట్టిలోకి ప్రవేశించగానే నెమ్మదిస్తుంది. మోసుకొచ్చిన శక్తి ఎక్కడికీ పోలేదు కాబట్టి ఊపు పెద్దదవుతుంది. పైగా అలాంటి మట్టి పొర, గిన్నెలోని నీళ్లలా, తనకు సహజమైన లయలో ఊగుతుంది. భవనాలకూ ఒక లయ ఉంటుంది. స్థూలంగా లెక్కకడితే ఒక్కో అంతస్తుకు 0.1 సెకను చొప్పున, పది అంతస్తుల భవనం ఒకసారి ఊగి రావడానికి ఒక సెకను పడుతుంది. నేల లయ, భవనం లయ ఒకటైతే అనునాదం. ఉయ్యాలను సరైన సమయంలో తోస్తే ప్రతి తోపుకూ ఇంకా పైకి వెళ్లినట్టు భవనం ఊగిపోతుంది. బైరక్లిలో కూలినవాటిలో ఎక్కువ ఏడు నుంచి పది అంతస్తులవి, 1990ల్లో, అంతకుముందు కట్టినవి. అప్పటి నిర్మాణంలో కాంక్రీటు నాణ్యత, ఇనుము అల్లిక తగినంత లేవు. 1985లో మెక్సికో నగరాన్ని వందల కిలోమీటర్ల దూరంలోని భూకంపం కూల్చింది కూడా ఈ విధంగానే.

నదుల ఒండ్రు మీద, పూడ్చిన చెరువుల మీద అపార్టుమెంట్లు లేస్తున్న ఏ ఊరికైనా ఈ పాఠం పనికొస్తుంది. పునాది కింద ఏముందన్న ప్రశ్నకు, భూకంప కేంద్రం ఎంత దూరమన్న ప్రశ్నకున్నంత విలువ ఉంది.

పది నిమిషాల గడువు

ఆ మధ్యాహ్నం కుదుపు ఆగాక సముద్రం కదిలింది. టర్కీ వైపు సిగాజిక్ రేవులో నీళ్లు మొదట వెనక్కి తగ్గి, తర్వాత వీధుల్లోకి వచ్చాయి. పడవలు తాళ్లు తెంచుకుని ఒకదానికొకటి గుద్దుకున్నాయి. అక్కడ ఒకరు నీళ్లలో మునిగి చనిపోయారు. దగ్గరలోని ఆకర్జాలో నీరు దాదాపు 4 మీటర్ల ఎత్తుకు ఎక్కింది. ఇటు సమోస్‌లో ఫెర్రీలు బయలుదేరే వాథీ రేవు వీధులూ మునిగాయి.

సునామీ వేగం నీటి లోతును బట్టి ఉంటుంది. గురుత్వ త్వరణాన్ని లోతుతో గుణించి వర్గమూలం తీస్తే వేగం వస్తుంది. 4,000 మీటర్ల లోతున్న మహాసముద్రంలో అది గంటకు 700 కిలోమీటర్లకు పైనే. 100 మీటర్ల లోతులో గంటకు సుమారు 113 కిలోమీటర్లే. ఈ లెక్క చూసి ఈజియన్‌లో ప్రమాదం తక్కువనుకోకూడదు. 2004 డిసెంబర్ 26న సుమత్రా దగ్గర పుట్టిన అల మన తూర్పుతీరం చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. ఇక్కడ చీలికే తీరం పక్కన ఉంది. 100 మీటర్ల లోతులో 20 కిలోమీటర్లు రావడానికి అలకు దాదాపు 11 నిమిషాలు చాలు.

2004 తర్వాత హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం ఏర్పడి 2007 నుంచి పనిచేస్తోంది. హిందూ మహాసముద్ర దేశాలకు అది సమాచారం పంపుతుంది. మధ్యధరాలో యునెస్కో ఆధ్వర్యంలోని ఇలాంటి వ్యవస్థకు గ్రీసులోని ఏథెన్స్ జాతీయ అబ్జర్వేటరీ, టర్కీలోని కాందిల్లి అబ్జర్వేటరీ రెండూ సేవలందిస్తాయి. అయితే భూకంపాన్ని గుర్తించి, తీవ్రత లెక్కగట్టి, హెచ్చరిక పంపి, అది రేవులోని మనిషి చెవిన పడేసరికే కొన్ని విలువైన నిమిషాలు పోతాయి. చీలిక ఇంత దగ్గరగా ఉన్న చోట కాళ్ల కింది కుదుపే మొదటి హెచ్చరిక. ఒడిశాలోని వెంకటరాయపూర్, నోలియాసాహి గ్రామాలు 2020లో యునెస్కో నుంచి ‘సునామీకి సిద్ధం’ గుర్తింపు పొందింది కూడా ఇలాంటి సాధనకే. ఎటు పరుగెత్తాలో అక్కడివారికి ముందే తెలుసు.

లోతు నీళ్లలో ఉన్న ఓడకు సునామీ దాదాపు తెలియదు. అల పొడవు కిలోమీటర్ల కొద్దీ ఉంటుంది, ఎత్తు మాత్రం తక్కువ. అది పైకి లేచి కొట్టేది లోతు తగ్గి, వెనక వచ్చే నీరు ముందున్న నీటిమీదికి పేరుకునే రేవులోనే. కాబట్టి ఓడెక్కినవారికంటే, టికెట్టు పట్టుకుని రేవు గట్టుమీద వరుసలో నిలబడినవారికే ముప్పు ఎక్కువ.

ఫెర్రీ ఎక్కలేనివారి సముద్రం

ఈ జలసంధి గురించి చెప్పి, టికెట్టు లేకుండా దాన్ని దాటినవారి గురించి చెప్పకపోతే కథ సగమే. 2015లో సుమారు 8 లక్షల 50 వేల మంది శరణార్థులు, వలసదారులు సముద్రం మీదుగా గ్రీసు చేరారు. ఎక్కువమంది సిరియా, అఫ్గానిస్తాన్, ఇరాక్‌ల నుంచి వచ్చినవారు. దాదాపు అందరూ టర్కీ తీరం నుంచి ఈ దీవులకే, గాలి నింపిన రబ్బరు పడవల్లో వచ్చారు. ఆ ఏడాది ఈ దారిలో సుమారు 800 మంది చనిపోయారు లేదా గల్లంతయ్యారు. దూరం కొన్ని కిలోమీటర్లే. ప్రాణం తీసింది దూరం కాదు.

మనిషి శరీర సాంద్రత నీటి సాంద్రతకు చాలా దగ్గర. నోరు, ముక్కు నీటిపైన నిలవాలంటే పెద్దవారికి అదనంగా 3 నుంచి 5 కిలోల బరువును మోసేంత ఉత్ప్లవనం చాలు. ప్రామాణికమైన లైఫ్‌జాకెట్ కనీసం 10 కిలోలను మోస్తుంది, స్పృహ తప్పినా ముఖం పైకి ఉంచేలా దాని ఆకారం ఉంటుంది. లోపలి నురుగులో ప్రతి గాలిబుడగా విడిగా మూసి ఉండటమే దాని కీలకం. 2016 జనవరిలో ఇజ్మీర్‌లోని ఒక కార్ఖానాలో పోలీసులు 1,200కు పైగా నకిలీ లైఫ్‌జాకెట్లు పట్టుకున్నారు. వాటిలో నింపింది సరుకు ప్యాకింగుకు వాడే పదార్థం. బుడగలు తెరుచుకుని ఉన్న నురుగు స్పాంజిలా నీరు పీలుస్తుంది. కొద్దిసేపటికి జాకెట్టే రాయి అవుతుంది.

రెండోది చలి. నీటి ఉష్ణవాహకత గాలికంటే దాదాపు 25 రెట్లు ఎక్కువ. చలికాలంలో తూర్పు ఈజియన్ నీరు 15, 16 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంతటి నీళ్లలో హఠాత్తుగా పడితే మొదటి ఒకటి రెండు నిమిషాలు శ్వాస మన అదుపులో ఉండదు. ఎగశ్వాసలో నీళ్లు మింగడమే చాలా మరణాలకు కారణం. ఆ తర్వాత చేతులకు, కాళ్లకు రక్తం తగ్గి కండరాలు పట్టు కోల్పోతాయి, ఈత వచ్చినవారూ ఈదలేరు. శరీరం లోపలి వేడి ప్రాణాంతకంగా పడిపోవడానికి పెద్దవారికి గంట, అంతకంటే ఎక్కువే పడుతుంది. పిల్లల్లో బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ కాబట్టి వేడి త్వరగా పోతుంది. నీళ్లలో పడితే మొదట కదలకుండా తేలడం, శ్వాస కుదుటపడేదాకా ఆగడం అనే సలహా వెనక ఉన్న శరీరధర్మం ఇదే. మన కృష్ణా, గోదావరి లాంచీల్లో ఎక్కేవారికి కూడా జాకెట్టు కట్టుకోమని చెప్పేది లాంఛనం కోసం కాదు.

ఒకే సముద్రం, ఇద్దరు కొలతగాళ్లు

గ్రీసు, టర్కీ మధ్య సముద్ర సరిహద్దులపై దశాబ్దాల తగాదాలున్నాయి. భూమి కంపించినప్పుడు మాత్రం అవి కాసేపు పక్కకు జరుగుతాయి. 1999 ఆగస్టులో టర్కీలోని ఇజ్మిత్ భూకంపానికి గ్రీకు సహాయక బృందాలు వెళ్లాయి. సెప్టెంబర్‌లో ఏథెన్స్ కంపిస్తే టర్కీ బృందాలు వచ్చాయి. 2020లో ఇద్దరు దేశాధినేతలు ఫోన్‌లో పరామర్శించుకున్నారు. 2023 ఫిబ్రవరిలో దక్షిణ టర్కీ విపత్తుకు మళ్లీ గ్రీకు బృందాలు కదిలాయి. సమోస్ భూకంపాన్ని అర్థం చేసుకోవడానికి రెండు దేశాల భూకంపమాపకాల నమోదులూ కలిపి చూడవలసి వచ్చింది. సముద్రం మధ్యలో ఉన్న చీలికను ఒక ఒడ్డునుంచే చూస్తే సగమే కనిపిస్తుంది.

రెండు తీరాల్లో ఎక్కడ ఫెర్రీ కోసం వేచివున్నా గుర్తుంచుకోవలసింది ఒక్కటే. నిలబడటం కష్టమయ్యేంతగా భూమి ఊగినా, కుదుపు ఇరవై సెకన్లకు మించి సాగినా, రేవులో నీరు ఉన్నట్టుండి వెనక్కి పోయినా, సైరన్ కోసం ఆగకూడదు. సామాను వదిలి ఎత్తైన చోటికి నడవాలి. మొదటి అల తగ్గిందని కిందికి దిగకూడదు, రెండోది ఇంకా పెద్దది కావచ్చు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం తీరాల్లోనూ ఈ నియమం మారదు.